తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట బంద్

ఉమ్మడి వరంగల్ జిల్లా విద్యాశాఖ అధికారులకు, స్కూల్ గేమ్స్ నిర్వాహకులకు, గురుకులాల ప్రిన్సిపాళ్ళకు, నా తోటి వ్యాయామ ఉపాధ్యాయులైన పీఈటీలకు, పీడీలకు

నమస్కారం.

నేను 31 ఏళ్ళు ప్రభుత్వ హైస్కూళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మీలో చాలామంది నాకు తెలుసు. కొందరు నా దగ్గర ఆడినవాళ్ళే. హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో పొద్దున నడుస్తుంటే ఇప్పటికీ ఆగి "సార్, బాగున్నరా" అని పలకరిస్తారు. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను. మీ మీద ఫిర్యాదు చేయడానికి కాదు. ఫిర్యాదంటూ ఉంటే అది ముందు నా మీదే ఉండాలి. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పటికి మన దగ్గరికి మ్యాట్‌లు రాలేదు, మట్టి బరి మీదే ఆట. అండర్-17 కబడ్డీ సెమీఫైనల్. మా రైడర్ తొమ్మిదో తరగతి పిల్లవాడు. తండ్రి ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ. చూడ్డానికి బక్కపల్చగా ఉండేవాడు గానీ కూతకు వెళ్ళాడంటే ఎవరి చేతికీ చిక్కేవాడు కాదు. రెండో హాఫ్ మొదలైన కాసేపటికి బోనస్ గీత మీద కాలు పెట్టి వెనక్కి తిరుగుతుంటే కార్నర్‌లో ఉన్న కుర్రాడు చీలమండ పట్టేశాడు. వీడు మధ్య గీత అందుకుందామని ముందుకు దూకాడు. అడ్డం వచ్చిన ఇంకో పిల్లవాడి మోకాలు సరిగ్గా వీడి కణతకు కొట్టుకుంది. ఆ చప్పుడు బెంచీ దగ్గర నిలబడ్డ నాకు వినిపించింది.

నాలుగైదు సెకన్లు కదల్లేదు. తర్వాత లేచి కూర్చున్నాడు. నేను ఉరికి మొహం మీద నీళ్ళు కొట్టాను, గ్లూకోజ్ నీళ్ళు తాగించాను, మెడకు స్ప్రే కొట్టాను. "ఏమైందిరా" అంటే "ఏం గాలే సార్, ఆడుత" అన్నాడు. "స్కోరెంత సార్?" అని అడిగాడు. చెప్పాను. నిమిషం కాకముందే మళ్ళీ అడిగాడు, "స్కోరెంత సార్?" వాడికి ఆట మీద ఎంత ధ్యాస అని మురిసిపోయాను. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. కబడ్డీ టీంలో 12 మంది ఉంటారు, బరిలో 7 మంది. మిగతా ఐదుగురు పిల్లలు నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక్కరినీ లేపలేదు. వాడి వీపు తట్టి మళ్ళీ లోపలికి పంపించాను.

గెలిచాం. ఆఖరి కూతలో ఇద్దరిని తాకి వచ్చింది వాడే. పిల్లలు భుజాల మీద ఎత్తుకుని గ్రౌండ్ చుట్టూ తిప్పారు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి తల బయటికి పెట్టి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నాం, మధ్యాహ్నం తిన్న పులిహోర పడలేదనుకున్నాం. మర్నాడు పొద్దున ప్రేయర్ అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా మెల్లగా అడిగాడు:

"సార్, నిన్న మనం గెలిచినమా?"

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాదు. రెండో హాఫ్ అంతా వాడి తలలోంచి తుడిచిపెట్టుకుపోయింది. అప్పటికైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. వారం తర్వాత ఫైనల్లో కూడా ఆడించాను. మళ్ళీ తలకు దెబ్బ తగల్లేదు. అందులో నా జాగ్రత్త ఏమీ లేదు, వాడి అదృష్టం అంతే.

ఆ తర్వాత రెండు నెలలు వాడు పడ్డ బాధను నేను కళ్ళారా చూశాను, అర్థం మాత్రం చేసుకోలేదు. పుస్తకం తెరిస్తే "తలకాయ గుంజుతున్నది సార్" అనేవాడు. ఎండలోకి వస్తే కళ్ళు మూసుకునేవాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్లవాడు చిన్న మాటకే తోటివాళ్ళ మీద గయ్యిమని లేచేవాడు. క్వార్టర్లీలో లెక్కలు తప్పాడు. స్టాఫ్ రూంలో "మ్యాచ్ గెలిచినప్పటి నుంచి వీడికి తలకెక్కింది" అన్నారు. నేనూ అన్నాను. ఒకరోజు చెవి కూడా మెలిపెట్టాను. వాడి తండ్రి అప్పు తెచ్చి ఒక ఆసుపత్రిలో స్కానింగ్ తీయించాడు. రిపోర్టులో ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే ఏమీ లేదనే అనుకున్నాం అందరం.

దాన్ని కంకషన్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మెదడు అదిరిపోవడం. ఆ పేరు నేను శ్రద్ధగా విన్నది రిటైరయ్యాక, ఇంట్లో టీవీ ముందు కూర్చుని. 2020 డిసెంబర్ 4న కాన్‌బెరాలో ఆస్ట్రేలియాతో టీ20. ఆఖరి ఓవర్లో స్టార్క్ బంతి రవీంద్ర జడేజా హెల్మెట్‌కు తగిలింది. జడేజా ఆగలేదు. ఇన్నింగ్స్ అయిపోయేదాకా ఆడి 44 పరుగులతో నాటౌట్‌గా వచ్చాడు. విరామంలో డ్రెస్సింగ్ రూంలో వైద్యులు పరీక్షించి ఇక ఆడొద్దన్నారు. బదులుగా వచ్చిన చాహల్ మూడు వికెట్లు తీశాడు. మర్నాడు అందరూ చాహల్‌ను దించడం న్యాయమా అన్యాయమా అని వాదించుకుంటుంటే, నాకు మాత్రం మా మట్టి బరి గుర్తొచ్చి అన్నం సయించలేదు. ఐసీసీ 2019 ఆగస్టు 1 నుంచే కంకషన్ సబ్‌స్టిట్యూట్ నిబంధన పెట్టింది. కోట్లు సంపాదించే ఆటగాడు కూడా తలకు దెబ్బ తగిలితే పక్కకు జరగాల్సిందేనని రాసుకున్నారు. మా రైడర్ బదులు ఆడటానికి ఐదుగురు పిల్లలున్నారు. వాణ్ణి ఆపాలన్న నిబంధనే లేదు.

ఇంకో పేరు కూడా చెప్పాలి, మనలో వయసు మళ్ళినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. క్రికెటర్ రమణ్ లాంబా. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్. హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి తలకు తగిలింది. తన కాళ్ళ మీద తానే నడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. మూడు రోజుల్లో చనిపోయాడు. లాంబాకు జరిగింది మెదడులో రక్తస్రావం, కంకషన్ వేరు. కానీ గ్రౌండ్‌లో చూసే పీఈటీకి మొదటి పది నిమిషాల్లో రెండూ ఒకేలా కనిపించొచ్చు. లేచి నిలబడతాడు, నడుస్తాడు, బాగానే ఉన్నానంటాడు. అందుకే మనం అక్కడికక్కడ తేల్చేయగలమనుకోవడం తప్పు.

అసలు లోపల ఏం జరుగుతుందో ఎంబీబీఎస్ చదివే నా పాత విద్యార్థి ఒకరు కూర్చోబెట్టి చెప్పారు. మెదడు పుర్రెకు అంటుకుని ఉండదు, నీళ్ళలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల ఉన్నట్టుండి ఆగినా, గిర్రున తిరిగినా లోపల మెదడు ఊగిసలాడి అందులోని కణాలు సాగుతాయి. నేరుగా తలకే తగలాలని లేదు. ఛాతీ మీద గట్టి డాష్, అంటే తోపు, పడి మెడ విసురుగా వెనక్కి పోయినా చాలు. అప్పుడు కణాల లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి పోతుంది, బయట ఉండాల్సిన కాల్షియం లోపలికి వస్తుంది. వాటిని తిరిగి సర్దుకోవడానికి మెదడుకు చాలా శక్తి కావాలి. సరిగ్గా అదే సమయంలో దానికి అందే రక్తం తగ్గుతుంది. ఇది విన్నప్పుడు నాకు మా ఊళ్ళో బాయి కాడి మోటరు గుర్తొచ్చింది. లో వోల్టేజీ ఉన్నప్పుడు మోటరు ఆన్ చేస్తే ఏమవుతుందో మన రైతుబిడ్డలకు వేరే చెప్పక్కర్లేదు. పైకి మోటరు చెక్కుచెదరకుండా ఉంటుంది. కరెంటు కుదురుకోకముందే నడిపితే వైండింగ్ కాలిపోతుంది.

స్కానింగ్ రిపోర్టు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. సీటీ స్కాన్‌లో పుర్రె పగిలితే తెలుస్తుంది, రక్తం కారితే తెలుస్తుంది. కంకషన్ కనిపించదు. తీగ తెగిందో లేదో చూసే పరికరం వోల్టేజీ ఎంతుందో చెప్పలేదు. స్కానింగ్ అనవసరం అనడం లేదు నేను, డాక్టర్ రాస్తే తప్పకుండా తీయించాలి. కానీ "స్కానింగ్ బాగుంది కదా సార్, రేపు ఆడిస్తా" అని తల్లిదండ్రులు గానీ మనం గానీ అనుకోకూడదు.

స్పృహ తప్పలేదు కదా అనేది మనం రోజూ చేసే రెండో పొరపాటు. కంకషన్ అయినవాళ్ళలో స్పృహ తప్పేవాళ్ళు నూటికి పదిమంది కూడా ఉండరు. మిగతావాళ్ళు కళ్ళు తెరుచుకునే ఉంటారు. దెబ్బ తగిలిన వెంటనే అన్నీ బయటపడాలని కూడా లేదు, కొన్ని గంటల తర్వాత మొదలవ్వచ్చు. పిల్లలు మన దగ్గరికి వచ్చి "కంకషన్ అయింది సార్" అని చెప్పరు. "దిమ్మగున్నది" అంటారు, "కండ్లు తిరుగుతున్నయి" అంటారు, "రెండ్రెండు కనవడుతున్నయి", "వాంతికొచ్చినట్టైతున్నది", "తలకాయ బరువైంది" అంటారు. కొందరు ఏమీ అనరు. ఎటు వైపు రైడ్‌కు వెళ్ళాలో మర్చిపోయి నిలబడతారు, అడిగిందే అడుగుతారు, అకారణంగా ఏడుస్తారు. తూలుతూ లేచి బూట్ల లేసులు సవరించుకుంటున్నట్టు కింద కూర్చుంటారు. ఇవి మన చెవిన పడుతూనే ఉంటాయి. వీటికి పేరుందని తెలియక "మంచినీళ్ళు తాగు, తగ్గుతది" అంటూ వచ్చాం.

అనుమానం ఉంటే ఐదు ప్రశ్నలు అడగండి. ఇది ఏ ఊరి గ్రౌండ్? ఇప్పుడు ఫస్ట్ హాఫా, సెకండ్ హాఫా? చివరి పాయింట్ ఎవరు తెచ్చారు? ఇంతకుముందు మ్యాచ్ ఎవరితో ఆడాం? గెలిచామా? ఒక్కదానికి తడబడినా ఆ పిల్లవాడు బయటే. ఒక మాట మర్చిపోకండి. అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పినంత మాత్రాన లోపలికి పంపించడానికి అనుమతి దొరికినట్టు కాదు. దెబ్బ మన కళ్ళముందు పడింది, పిల్లవాడు తేడాగా ఉన్నాడనిపించింది, అంతే చాలు. ఇవతల కూర్చోబెట్టండి, పక్కన ఒక మనిషిని ఉంచండి.

మెడ నొప్పి అంటే మాత్రం లేపకండి. చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా అంతే. కదిలించకుండా 108కు ఫోన్ చేయండి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి నిమిషనిమిషానికి పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా జోగుతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఆలస్యం చేయొద్దు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం మానేద్దాం. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ మూగినవాళ్ళను దూరం జరపాలి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి మాత్రలు మనంతట మనం వేయకూడదు, లోపల రక్తం కారుతుంటే అది ఇంకా పెరగొచ్చు. ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి వచ్చే జట్లకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేరడమే గంటల పని. అందుకే మ్యాచ్ పెట్టేముందే దగ్గర్లో ఏ పీహెచ్‌సీ ఉంది, అక్కడ ఆ పూట డాక్టర్ ఉంటారా అన్నది నిర్వాహకుల కాగితం మీద రాసి ఉండాలి.

అన్నిటికంటే భయపెట్టేది రెండో దెబ్బ. మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే ఇంకో దెబ్బ, అది చిన్నదైనా సరే, తగిలితే మెదడు ఒక్కసారిగా వాచి నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. ఇది చాలా అరుదు. కానీ వచ్చేది ఎక్కువగా మన దగ్గర ఆడే వయసు పిల్లలకే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006 అక్టోబర్‌లో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ పిల్లవాడు స్కూలు తరఫున అక్కడి ఫుట్‌బాల్ ఆడుతూ తల నేలకు కొట్టుకుని పడ్డాడు. కాసేపు బయట కూర్చుని మళ్ళీ ఆటలోకి వెళ్ళాడు. ఆట అయిపోయాక అక్కడే కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం. బతికాడు. నోటి వెంట మొదటి మాట రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ పిల్లవాడి కథ చదువుతున్నప్పుడు "కాసేపు బయట కూర్చుని" అన్న దగ్గర నేను ఆగిపోయాను. మా వాడు కాసేపు కూడా కూర్చోలేదు. 2009 మేలో ఆ రాష్ట్రం జాకరీ పేరు మీద చట్టం చేసింది. అందులో ముఖ్యంగా ఉన్నవి మూడే. ఏటా సీజన్ మొదలయ్యేముందు పిల్లలు, తల్లిదండ్రులు తల దెబ్బల గురించి చదివి సంతకం పెట్టాలి. అనుమానం వస్తే వెంటనే ఆటలోంచి తీసేయాలి. వైద్యులు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా తిరిగి ఆడించకూడదు. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి.

మనం చట్టం దాకా వెళ్ళక్కర్లేదు. విద్యాశాఖ నుంచి ఒక ఉత్తర్వు, స్కూల్ గేమ్స్ కమిటీ నుంచి ఒక నిబంధన చాలు. దాని మీద ఈ ఒక్క వాక్యం ఉంటే చాలు: తలకు దెబ్బ తగిలి అనుమానం వచ్చిన పిల్లవాడు గానీ పిల్ల గానీ ఆ రోజు మళ్ళీ ఆడకూడదు, డాక్టర్ రాసిచ్చేదాకా పోటీకి దిగకూడదు.

ఇది ఉత్తర్వుగానే ఎందుకు కావాలి, పీఈటీల విజ్ఞతకు వదిలేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఆ బెంచీ దగ్గర నిలబడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మంచి రైడర్‌ను బయట కూర్చోబెట్టి మ్యాచ్ ఓడిపోతే పీఈటీ ఊరికి ఎలా తిరిగొస్తాడో మీకు తెలుసు. "పిల్లగాడు ఆడుతనంటే నువ్వే ఆపినవట" అని సర్పంచ్ అడుగుతాడు. హెడ్మాస్టర్ అడుగుతాడు. అన్నిటికన్నా ముందు ఆ పిల్లవాడే అడుగుతాడు, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని. ఆ కళ్ళ ముందు నిలబడి వద్దని చెప్పడానికి చేతిలో ఒక కాగితం ఉండాలి. "నేను కాదు నాయనా, రూల్ అట్లుంది" అని చెప్పగలగాలి. ప్రతి గ్రౌండ్‌లో, ప్రతిసారీ, పీఈటీ ఒక్కడే ధైర్యం చేయాలని ఆశించడం న్యాయం కాదు. రిఫరీకి కూడా ఆ అధికారం ఇవ్వండి. సొంత కోచ్ కంటే రిఫరీ ఆపడం తేలిక.

ఇక పిల్లలు ఎందుకు దాస్తారన్న సంగతికి వస్తాను, నా మనసులో ఎక్కువగా నలిగేది ఇదే. మండల స్థాయి పోటీలు ఒకటి రెండు రోజుల్లో అయిపోతాయి. పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి. సెలెక్షన్ అప్పుడే, అక్కడే. ఆ రోజు కూర్చుంటే జిల్లా టీం పోయినట్టే, జిల్లా పోతే స్టేట్ పోయినట్టే. ఆ సర్టిఫికెట్ మీద స్పోర్ట్స్ స్కూల్ సీటు ఉంది, రేపు స్పోర్ట్స్ కోటా ఉంది, ఇంటి మొత్తానికి ఒక ఆశ ఉంది. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్ళిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చాక మా వైపు ప్రతి కూలి ఇంట్లోనూ ఆ ఆశ ఇంకా బలపడింది. మంచిదే. అలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లవాణ్ణి "తల తిరుగుతోందా" అని అడిగితే "లేదు సార్" అనక ఏమంటాడు? వాడు అబద్ధం ఆడుతున్నాడని కోప్పడితే లాభం లేదు. నిజం చెబితే వాడికి నష్టం లేకుండా మనం చూడాలి.

అందుకే ఉత్తర్వుతోపాటు ఇంకో నిబంధన కావాలి. తల దెబ్బతో బయట కూర్చున్న పిల్లల్ని సెలెక్షన్ లిస్టులోంచి కొట్టేయకూడదు. అప్పటివరకు ఆడిన ఆట చూసి ఎంపిక చేయాలి. వీలుకాకపోతే కోలుకున్నాక తర్వాతి స్థాయి క్యాంపులో ఒక ట్రయల్ ఇవ్వాలి. ఎంపికైనవాళ్ళలో ఎవరికైనా ప్రయాణానికి ముందు దెబ్బ తగిలితే, వాళ్ళ బదులు ఇంకొకర్ని పంపుకునే వెసులుబాటు జట్టుకు ఉండాలి. ఇది చేయకుండా ఎన్ని పోస్టర్లు అతికించినా పిల్లలు నోరు విప్పరు.

అమ్మాయిల గురించి ఒక మాట. ఒకే రకమైన నిబంధనలతో ఆడే ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకు కంకషన్‌లు ఎక్కువ నమోదవుతున్నాయి. మన దగ్గర వాళ్ళు మగ పీఈటీకి ఒంట్లో బాగాలేదని చెప్పడానికే మొహమాటపడతారు. అమ్మాయిల జట్టుతో ఒక మేడం తప్పనిసరిగా వెళ్ళాలన్న పద్ధతి ఉన్నచోట ఆమెకు ఈ లక్షణాలు నేర్పాలి. అబ్బాయిల దగ్గర ఇంకో జబ్బు ఉంది. "దెబ్బకే ఏడుస్తవారా, ఆడపిల్లవా" అనే మాట. నేను ఆ మాటను వందలసార్లు వాడాను. దయచేసి మీరు వాడకండి. ఆ మాట విన్న పిల్లవాడు ఇంకెప్పుడూ నొప్పి చెప్పడు.

దెబ్బ తగిలాక ఏం చేయాలో ఇప్పుడు ప్రపంచమంతా దాదాపు ఒకే దారి ఒప్పుకుంది. క్రీడా వైద్యులు 2001 నుంచి కొన్నేళ్ళకోసారి కూర్చుని దీన్ని సరిదిద్దుకుంటూ వస్తున్నారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్నారు. మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి. చీకటి గదిలో పడుకోబెట్టడం కాదు. ఇంట్లో అటూ ఇటూ తిరగొచ్చు, ఫోను, టీవీ మాత్రం తగ్గించాలి. తర్వాత నడక, ఆ తర్వాత మెల్లగా పరుగు, ఆ తర్వాత ఎవరినీ తాకకుండా ఒంటరి ప్రాక్టీసు. డాక్టర్ సరేనన్నాకే పట్టులు, డాష్‌లు ఉండే ప్రాక్టీసు, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. ఏ మెట్టు మీదైనా తలనొప్పి బాగా పెరిగితే కింది మెట్టుకు దిగాలి. చాలామంది పిల్లలు నాలుగు వారాల లోపు కుదుటపడతారు, కొందరికి ఇంకా పడుతుంది. తొందరపెట్టొద్దు.

గ్రౌండ్ కంటే ముందు క్లాసు. పిల్లవాడు పూర్తిగా పాఠాల్లో పడ్డాకే ఆటకు రావాలి. క్లాస్ టీచర్లకు మీరు చెప్పకపోతే వాళ్ళకు తెలిసే దారి లేదు. ఆటల పోటీలు, ఎస్ఏ-1 పరీక్షలు కాస్త అటూ ఇటూగా ఒకేసారి వస్తాయి. దెబ్బ తగిలిన పిల్లలకు కొన్ని రోజులు సగంపూట బడి, రాత పని తగ్గింపు, అవసరమైతే పరీక్ష వాయిదా ఇవ్వాలి. మా వాడి క్వార్టర్లీ మార్కుల మీద ఎర్ర సిరాతో గీసిన గీత నాకింకా గుర్తుంది. దాని పక్కన ఒక్కరైనా "తలకు దెబ్బ తగిలి ఉంది" అని రాసి ఉంటే వాడు ఆ ఏడు అన్ని తిట్లు తినేవాడు కాదు.

గురుకులాల ప్రిన్సిపాళ్ళకు వేరుగా చెప్పాలి. ఇంటి దగ్గర ఉండే పిల్లవాణ్ణి రాత్రి తల్లి చూసుకుంటుంది. హాస్టల్లో ఎవరు చూస్తారు? దెబ్బ తగిలిన పిల్లల్ని మొదటి రోజు ఒంటరిగా వదలకూడదు. స్టాఫ్ నర్సుకు, డ్యూటీలో ఉన్న టీచర్‌కు, పక్క మంచం మీది పిల్లలకు కూడా ఏం గమనించాలో చెప్పి పెట్టండి. అర్ధరాత్రి వాంతి చేసుకుంటే ఎవరి తలుపు కొట్టాలో ఆ పిల్లలకు తెలిసి ఉండాలి. తల్లిదండ్రులకు అదే సాయంత్రం ఫోన్ పోవాలి, ఊరినుంచి వచ్చి గొడవ చేస్తారన్న భయంతో దాచకండి.

ప్రభుత్వ బడుల్లో దీనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) వైద్య బృందాలు బడులకు వస్తూనే ఉన్నాయి. సీజన్‌కు ముందు వాళ్ళతో పీఈటీలకు ఒక పూట శిక్షణ ఇప్పించొచ్చు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో తల్లులే ఉన్నారు, వాళ్ళకు ఒక్కసారి చెబితే ఊరంతా తెలుస్తుంది.

గ్రౌండ్‌ల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. బరిలో రాళ్ళు ఏరించండి, మ్యాట్ జాయింట్లు విడిపోకుండా చూడండి, బరికి ఆనుకుని వాలీబాల్ పోల్ ఉంటే బరిని జరపండి, ఖోఖో పోల్స్‌కు మెత్త చుట్టండి. లెదర్ బాల్‌తో ఆడించే ప్రతిచోటా హెల్మెట్ ఉండాలి. హెల్మెట్ పుర్రెను పగలకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు ఊగకుండా ఆపలేదు, కాబట్టి హెల్మెట్ ఉంది కదా అని దెబ్బను తేలిగ్గా తీసుకోకూడదు.

నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఉత్తర తెలంగాణలో బాక్సింగ్ గ్లవ్స్ తొడిగే అమ్మాయిలు పెరిగారు. గుద్దడమే ఆటైన బాక్సింగ్‌లో కూడా తలకు తగిలిన దెబ్బతో నాకౌట్ అయితే కనీసం 30 రోజులు రింగ్‌లోకి రానివ్వొద్దని అమెచ్యూర్ నిబంధనలు రాసుకున్నారు. మన కబడ్డీలో, మన ఖోఖోలో పిల్లల కోసం అలాంటి ఒక్క అక్షరం రాసుకోలేమా?

నా విన్నపం పెద్దది కాదు. ప్రతి సీజన్‌కూ ఎంట్రీ ఫారాలు జిరాక్స్ తీయిస్తారు. పేరు, పుట్టిన తేదీ, తరగతి, ఫొటో, హెడ్మాస్టర్ స్టాంపు. నా చేతుల మీదుగా పోయిన వేల ఫారాలకు వెనకవైపు ఖాళీగా ఉండేది. ఈసారి ఆ వెనకవైపు తల దెబ్బ లక్షణాలు తెలుగులో, పిల్లలు మాట్లాడే మాటల్లో అచ్చు వేయించండి. కింద పిల్లవాడి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం లేదా వేలిముద్ర, పీఈటీ సంతకం. ఆ ఫారం రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. శిక్షణకు పిలిస్తే ఏ మండలానికైనా నా ఖర్చుతో వస్తాను.

పోయిన నెల జేఎన్ఎస్ గేటు దగ్గర ఒకాయన నన్ను ఆపి కాళ్ళకు దండం పెట్టాడు. మా రైడరే. ఇప్పుడు భీమారంలో ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. తలనొప్పులు పోయాయట గానీ ఆ ఏడాది తర్వాత చదువు ముందుకు సాగలేదు, ఆటా సాగలేదు. పక్కన ఏడో తరగతి కొడుకు, చేతిలో కబడ్డీ నిక్కరు సంచి. "సార్, వీనికి ఆ సెమీఫైనల్ ముచ్చట జెర చెప్పుండ్రి. అందరు నేనే గెలిపిచ్చిన అంటరు గని నాకు యాదికి లేదు" అన్నాడు.

చెప్పాను. ఆఖరి కూత గురించి చెప్పాను, భుజాల మీద ఊరేగించడం చెప్పాను. తర్వాత గ్లూకోజ్ నీళ్ళ గురించి, వాడు రెండోసారి స్కోరు అడగడం గురించి, బెంచీ మీద కూర్చున్న ఐదుగురి గురించి కూడా చెప్పాను. తండ్రి తలొంచుకుని విన్నాడు, ఏమీ అనలేదు. కొడుకు నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్లవాడు ఈ ఏడాది అండర్-14కు ఎంట్రీ ఇస్తున్నాడు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు
హనుమకొండ